మొదటి నరం

పోయినవారం మనం ప్రమోదని వ్యాన్ వెనకసీట్లో, ఒళ్లో పులిహోర డబ్బాతో కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అలాగే కూర్చునుంది. వ్యాన్ నాపా లోయలో ద్రాక్షతోటల మధ్య నుంచి పోతోంది. బయట మే నెల ఎండ హాయిగా కాస్తోంది, ముందు సీట్లలో నవ్వులు వినిపిస్తున్నాయి. ఆమె మాత్రం సోమవారం గురించి ఆలోచిస్తోంది.

ఆ సోమవారం సంగతేమిటో ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవారి కోసం చెప్పాలి. ప్రమోద కాకినాడలో డాక్టరీ చదివింది. పెళ్లయి కాలిఫోర్నియా వచ్చాక ఒక చేత్తో పిల్లని జోకొడుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని ఇక్కడి పరీక్షలన్నీ మళ్లీ రాసింది. చివరికి ఓక్లాండ్‌లో ఒక పెద్దాసుపత్రిలో పాథాలజీ రెసిడెన్సీకి సీటు వచ్చింది. జూలైలో చేరాలి. చేరుతున్నదీ లేనిదీ సోమవారం చెప్పేయాలి.

సీటు వచ్చిన సంబరం ఇంకా తీరకముందే ఇంట్లో ఆ ఘోరం జరిగింది. ఒక శనివారం పొద్దున ఆమె కూరగాయలు కొనుక్కొచ్చి తలుపు తీసేసరికి గ్యాస్ వాసన గుప్పుమంది. సోఫాలో ఆరేళ్ల మీనా నిద్రపోతోంది. పక్కనే భర్త శ్యామ్‌సుందర్ టీవీ చూస్తున్నాడు. పిల్లని భుజాన వేసుకుని, మొగుడి చెయ్యి పట్టుకు లాగి, ప్రమోద వీధిలోకి పరుగెత్తింది. "నాకు జలుబు, తెలియలేదు. బజారుకెళ్లేముందు పప్పు దించి స్టవ్ ఆపడం మరిచిపోయినట్టున్నావు," అన్నాడు శ్యామ్‌సుందర్. ఆపినట్టే ఆమెకి గుర్తు. కానీ స్టవ్ మర తిప్పే ఉంది. కళ్లారా చూశాక గుర్తుని ఎవరు నమ్ముతారు?

అప్పట్నుంచీ ప్రమోదకి మతిమరుపు అని ఖాయమైపోయింది. పులుసులో ఇంగువ మరిచిపోతోందనీ, కాఫీలో డికాషన్ వెయ్యడం మరిచిపోతోందనీ శ్యామ్‌సుందర్ అంతకుముందు కొన్ని నెలలుగా సణుగుతున్నాడు. అవన్నీ ఇప్పుడు సాక్ష్యాలైపోయాయి. పొయ్యి ఆపడమే గుర్తులేనిది, రేపు ఆసుపత్రిలో ఒకరి కణితి ముక్క మీద ఇంకొకరి పేరు రాసేస్తే? ఆ భయంతోనే సోమవారం ఫోన్ చేసి రానని చెప్పేద్దామని మనసులో ఖాయం చేసుకుంది. ఆ దిగులు పోగొట్టడానికే శ్యామ్‌సుందర్ స్నేహితుడు డాక్టర్ జగదీష్ ఈ ప్రయాణం పెట్టాడు. ప్రమోద ఇంటర్వ్యూకి ఆసుపత్రిలో మాటసాయం చేసింది కూడా ఆయనే.

ఇక ఈ వారం కథలోకి వద్దాం.

టూర్ నడిపించే ఆమె పేరు డోరిస్. మనిషి పొడుగ్గా, జుట్టు నెరిసి, గొంతు మాత్రం బడిలో డ్రిల్లు మాస్టారిలా ఉంటుంది. ద్రాక్ష ఎప్పుడు కోస్తారో, ఎలా తొక్కుతారో, పీపాలు ఏ చెక్కతో చేస్తారో చెబుతూ రెండు తోటలు తిప్పింది. మొదటి తోటలో జగదీష్ భార్య వసుమతి పెద్ద సమస్య తెచ్చిపెట్టింది. ఆమె శనివారాలు ఒంటిపూట ఉంటుంది. వైన్ సారాయి కిందికి వస్తుందా రాదా అని వ్యాన్ ఎక్కినప్పట్నుంచీ మథనపడి, చివరికి తనే తీర్పు చెప్పుకుంది.

"ద్రాక్షాసవం మా తాతగారు అరుగుదలకి రోజూ పుచ్చుకునేవారు ప్రమోదా. ఇదీ అదే కదా. కాకపోతే ఈ గ్లాసు ఇంతకుముందు ఎందరు ఎంగిలి చేశారో!"

ఆ మాట అని, కాడ పట్టుకుని గ్లాసు పైకెత్తి, పెదవులకి తగలకుండా నోట్లోకి ఎత్తి పోసుకుంది. వసుమతి ఇంట్లో మంచినీళ్లు తాగేదీ అలాగే. చుక్క కింద పడలేదు. డోరిస్ నోరు వెళ్లబెట్టింది.

"అయ్యో, అలా కాదు హనీ! వైన్‌లో ముప్పాతిక భాగం వాసనే. ముక్కు గ్లాసులో పెట్టకపోతే ఇంక తాగి ఏం లాభం?"

"ముక్కు పెడితే ఎంగిలి కాదా?" అని వసుమతి తెలుగులో ప్రమోదని అడిగింది. పుక్కిలించి ఉమ్మడానికి బల్ల మీద పెట్టిన గంగాళం చూశాక ఆమె ఇంక ఆ ఛాయలకే రాలేదు. "అందరిదీ ఒకే దాంట్లోనా! ఏం శుభ్రమమ్మా వీళ్లది," అంటూ మీనా చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. మగవాళ్లిద్దరూ మాత్రం బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. దేశంనుంచి చుట్టాలొస్తే 'మా ఇంట్లో అలవాటు లేదండీ' అని చెప్పేవాళ్లు వీళ్లే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం అని ఊరికే అన్నారా!

ప్రమోద తాగలేదు. కానీ డోరిస్ చెప్పినట్టు వాసన చూసింది. ఒక గ్లాసులో నేరేడుపళ్ల వాసన, ఇంకోదాంట్లో మిరియాలు, ఇంకోదాంట్లో కొత్తగా కోసిన గడ్డి. తన ముక్కు చెప్పిందీ డోరిస్ చెప్పిందీ ప్రతిసారీ ఒకటే అవుతుంటే, ఎన్నాళ్లకో ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది. నా బుర్ర మరీ అంత చెడిపోలేదేమో అనుకుంది. ఆ మాత్రం సంతోషానికే కళ్లు చెమర్చాయి.

శ్యామ్‌సుందర్ ఈ రోజు మంచి ఊపు మీద ఉన్నాడు. చమురు శుద్ధిచేసే ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు. ఎక్కడ గ్యాస్ లీకైనా మీటర్ కంటే ముందు పసిగడతాడని అక్కడ పేరు. గ్లాసు తిప్పడం, వెలుతురుకి ఎత్తి చూడటం, డోరిస్ ఏదంటే దానికి తల పంకించడం అన్నీ దర్జాగా చేస్తున్నాడు. వైన్ వాసనని ఇక్కడ 'నోస్' అంటారు; 'వండర్‌ఫుల్ నోస్' అంటున్నాడు. నలుగురూ ఏమంటారో విని, ఆ తర్వాత ఇంకో రెండు మాటలు కలిపి చెబుతున్నాడు. ప్రమోద దాన్ని పట్టించుకోలేదు. ఏళ్ల తరబడి కాపురం చేశాక మొగుడు మాట్లాడేది ఎవరు శ్రద్ధగా వింటారు?

మూడో తోటలో డోరిస్ వాళ్లని కొండని తొలిచి కట్టిన చల్లని నేలమాళిగలోకి తీసుకెళ్లింది. చుట్టూ పీపాలు, తడిచెక్క వాసన. బల్ల మీద ఒకేలా కనిపించే రెండు గ్లాసులు పెట్టింది.

"ఇందులో ఒకటి మంచిది. ఒకటి పాడైపోయింది. బిరడాలో బూజు చేరితే వైన్ ఇలా అవుతుంది. తాగకండి, వాసన చూడండి చాలు. నేను చెప్పక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది. ఎవరు ముందు? మిస్టర్ శ్యామ్, మీరు మంచి స్టూడెంట్. రండి."

శ్యామ్‌సుందర్ ముందుకెళ్లాడు. ఎడమచేతి వైపు గ్లాసు తీసుకున్నాడు. తిప్పాడు. ముక్కు లోపల పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"బ్యూటిఫుల్! పండిన ద్రాక్ష. కొంచెం గులాబీ. ఇది నేను ఇంటికి తీసుకెళ్తాను," అన్నాడు.

డోరిస్ కనుబొమలు ఎగరేసింది. పక్కనున్న జగదీష్ ఆ గ్లాసు అందుకుని, ముక్కు దగ్గరికి కూడా పెట్టకుండానే పెద్దగా నవ్వేశాడు. "మావాడు భలే జోకులు వేస్తాడులెండి!" అన్నాడు ఇంగ్లీషులో. గ్లాసు ప్రమోదకి వచ్చింది. దగ్గరికి తెచ్చుకోగానే ఆమె మొహం తిప్పుకుంది. వానకి తడిసిన గోనెసంచీ, ముక్కిపోయిన బియ్యం కలిపినట్టు ఉంది ఆ కంపు. చెయ్యి వెనక్కి తీసుకునేలోపే మీనా వచ్చి తల దూర్చింది.

"యక్! అమ్మా, ఇట్స్ లైక్ ఎ వెట్ డాగ్!"

మాళిగ అంతా నవ్వింది. శ్యామ్‌సుందర్ కూడా నవ్వాడు. కానీ నవ్వేముందు అతను అందరి మొహాలూ గబగబా చూశాడు. జగదీష్‌ని, డోరిస్‌ని, చివరికి కూతుర్ని. ఆ చూపులో ఉన్నది జోకు వేసినవాడి సరదా కాదు. దారి తప్పిన పిల్లాడి బెదురు. ప్రమోద ఒక్కతే అది చూసింది.

తలకి దెబ్బ తగిలిన రోగిని చూసేటప్పుడు తలలోంచి వచ్చే పన్నెండు నరాలనీ వరసగా పరీక్షించాలని కాలేజీలో నేర్పుతారు. మొదటి నరం వాసనది. దాన్ని ఎవరూ చూడరు. రోగి ముక్కు దగ్గర కాఫీ గింజలో, లవంగాలో పెట్టి అడిగే తీరిక ఏ డాక్టరుకీ ఉండదు. రెండో నరం నుంచి మొదలుపెట్టి 'అంతా బాగుంది' అని చెప్పేస్తారు. ప్రమోద కూడా వార్డుల్లో అలా చెప్పిందే. ఇప్పుడు ఆ పీపాల మధ్య నిలబడి, తన ఇంట్లోనే తను మొదటి నరాన్ని వదిలేసిందని ఆమెకి అర్థమైంది.

భోజనాలు బయట పచ్చికలో పెట్టుకున్నారు. వసుమతి దుప్పటి పరిచి, పులిహోర వడ్డించి, మజ్జిగలో చిటికెడు కలపడానికి పర్సులోంచి చిన్న ఇంగువ డబ్బా తీసింది. మూత ఇంకా పూర్తిగా తెరవకముందే పక్క బల్ల దగ్గర కూర్చున్న తెల్ల దొరసాని ఇటు తిరిగి చూసింది. ప్రమోద ఆ డబ్బా అందుకుంది.

"వదినా, ఇప్పుడే ఇస్తాను. ఏమండీ, ఒకసారి ఇలా రండి."

"తింటున్నాం కదా," అన్నాడు శ్యామ్‌సుందర్.

"తిందురుగాని. రండి."

ఆమె గొంతులో ఏం వినిపించిందో, అతను మారుమాట్లాడకుండా లేచాడు. ఇద్దరూ ద్రాక్షతీగల వరసల మధ్యకి నడిచారు. అవతల మీనా పచ్చికలో పొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది కానీ మనుషులెవరూ కనిపించడం లేదు.

"కళ్లు మూసుకోండి. నా చేతిలో ఏముందో చెప్పండి."

"ఏంటీ ఆటలు ప్రమోదా?"

"ఆటే అనుకోండి. మీ కూతురైతే దూరం నుంచే చెప్పేస్తుంది."

శ్యామ్‌సుందర్ కళ్లు మూసుకున్నాడు. ఆమె మూత తీసి డబ్బా అతని ముక్కు కిందే పట్టుకుంది. గాలివాటున ఆ ఘాటుకి ఆమెకే కళ్లు మండుతున్నాయి. అతను మామూలుగా ఊపిరి పీల్చుకుంటున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. కాసేపటికి కళ్లు తెరిచి, ఆమె చేతికేసి చూడకుండా నేలకేసి చూశాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఇప్పట్నుంచే. మీకెప్పట్నుంచి?"

"జనవరి నుంచి. టాహో కొండల్లో మంచు మీద పడ్డాను చూడు."

ఆమెకి గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? శ్యామ్‌సుందర్ కొత్త బూట్లతో బడాయికి పోయి, తల నేలకి కొట్టుకునేలా వెల్లకిలా దబ్బున పడితే అందరూ పడీపడీ నవ్వారు. అతనూ లేచి నవ్వాడు.

"మర్నాడు కాఫీ తాగితే వేణ్ణీళ్లలా ఉంది. హోటల్ కాఫీ ఇంతేలే అనుకున్నాను. ఇంటికొచ్చాక నువ్వు ఇచ్చిందీ అంతే. నీ పులుసూ అంతే. పాప తలకి నూనె రాస్తే వాసన రాలేదు. నాకేం..." అతను ఆగాడు. "నాకేం వాసనా రావట్లేదు ప్రమోదా."

తల వెనక దెబ్బ తగిలితే మెదడు ఒక్క కుదుపుతో కదిలిపోతుంది. ముక్కు పైని జల్లెడలాంటి ఎముకలోంచి వచ్చే సన్నటి పోగులు తెగిపోతాయి. చాలామందికి తిరిగి రావు. ఆమెకి పుస్తకంలో ఆ పేజీ కూడా కళ్లముందు కనిపించింది. ముందుగా వచ్చింది జాలే. కన్నకూతురి తల వాసన తెలియని మనిషి, ఎవరితోనూ చెప్పుకోలేక ఇన్నాళ్లూ ఇంట్లో తిరిగాడని తలుచుకుంటే గుండె నీరైపోయింది.

"నేనేమనుకున్నానో తెలుసా?" అంది. "ఇంగువ వెయ్యలేదా, ఇంగువ వెయ్యలేదా అని మీరు అడుగుతుంటే, నేను ఉద్యోగానికి వెళ్లడం ఇష్టం లేక నా వంటకి వంక పెడుతున్నారనుకున్నాను. మీ అమ్మగారి వంట గుర్తొస్తోంది కాబోలనుకున్నాను. రోజూ రెట్టింపు వేశాను. పాప ముక్కు మూసుకుని తినేది. ఒకరోజు వంకాయ మాడిపోతే మీరు ఏమీ అనకుండా తినేశారు చూడండి. ఆ రోజు మీకు నా మీద ఎంత ప్రేమో అని గదిలోకెళ్లి ఏడ్చాను."

అప్పుడు ఆమెకి ఇంకో సంగతి తట్టింది. తట్టగానే జాలి ఎక్కడికక్కడ ఆగిపోయింది.

"మరి ఆ శనివారం?"

"ప్రమోదా..."

"మీకు జలుబు లేదు. ఆ శనివారం ఏం జరిగింది?"

అతను తీగని పట్టుకుని ఒక ఆకు తుంచాడు. దాన్ని ముక్కలు చేశాడు.

"నువ్వు వెళ్లాక పాప లేచి పాలడిగింది. స్టవ్ మీద పెట్టాను. ఆఫీస్ నుంచి ఫోన్ వచ్చింది. తిరిగొచ్చేసరికి పాలు పొంగి స్టవ్ అంతా పోయాయి. మంట లేదు. మంట లేదు కదా, ఆపేశాననే అనుకున్నాను. నువ్వొచ్చి కేకలేస్తావని గబగబా తుడిచేసి, మిగిలిన పాలు పాపకిచ్చి టీవీ పెట్టుకున్నాను. పక్కన ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట కూడా ఆరిపోయినట్టుంది."

"అంటే నేను..."

"నువ్వు ఆపే వెళ్లావు."

ఆ మాట కోసం ఆమె ఎన్ని వారాలు ఎదురుచూసిందో ఆమెకే తెలియదు. తీగలు కట్టిన గుంజని పట్టుకుంది.

"ఇంకోసారి చెప్పండి."

"నువ్వు స్టవ్ ఆపే వెళ్లావు ప్రమోదా. తప్పు నాది."

"నేను ఒక్కో తాళం నాలుగుసార్లు వేసి చూసుకుంటున్నాను. కారు స్టార్ట్ చేసి, మళ్లీ దిగి, లోపలికెళ్లి స్టవ్ చూసి వస్తున్నాను. పాప స్కూల్‌లో ఉందా, ఇంట్లో ఉందా అని భయపడి ఫోన్ చేశాను. మీ కళ్లముందే కదా ఇదంతా! మతి పోతోందేమోనని మీ భుజం మీదే తల పెట్టుకుని ఏడిస్తే, 'పోనీలే, ఇంటిపట్టున ఉండు, అన్నీ సర్దుకుంటాయి' అన్నారు. ఎలా అన్నారండీ? నోరెలా వచ్చింది?"

"ఫ్యాక్టరీలో తెలిస్తే ఉద్యోగం తీసేస్తారు. గ్రీన్ కార్డ్ ఇంకా చేతికి రాలేదు. వాసన తెలియనివాణ్ణి ప్లాంట్‌లోకి రానిస్తారా?"

"అది ఫ్యాక్టరీకి చెప్పకపోవడానికి కారణం. నాకు చెప్పకపోవడానికి?"

ఈ మాట మాత్రం శ్యామ్‌సుందర్ నిజమే చెప్పాడు. నిజం కాబట్టే అది ఎక్కువ బాధపెట్టింది.

"నువ్వు ఆసుపత్రిలో చేరితే రాత్రీపగలూ డ్యూటీలుంటాయి. ఇంట్లో నేనూ పాపే ఉంటాం. మళ్లీ అలా అయితే? ఇంట్లో ముక్కున్న మనిషి ఒకరుండాలి కదా. నాకు ముక్కు లేదు, నువ్వు ఉద్యోగం మానెయ్యి అని ఏ మొహంతో అడగను? నీ అంతట నువ్వే మానేస్తే బాగుంటుందనుకున్నాను."

ఎంత తేలిగ్గా చెప్పాడో చూడండి. భార్యకి మతి చలించిందని నమ్మించడం అతనికి అడగడం కంటే సులువనిపించింది. మొగుళ్లలో ఇలాంటివాళ్లు అతనొక్కడే కాదు కానీ, మన ప్రమోదకి దొరికినవాడు ఇతను.

ప్రమోద కళ్లు తుడుచుకుంది. విచిత్రంగా, ఆ దుఃఖం అడుగున ఏదో తేలిక కూడా ఉంది. తన బుర్ర తనదే. తన గుర్తు తనదే.

"సరే," అంది. "మిగతా సంగతులు ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. గ్యాస్ స్టవ్ తీసేసి ఎలక్ట్రిక్‌ది పెట్టిద్దాం. అంత చిన్న సంగతి మీ ఇంజనీరు బుర్రకి తట్టలేదు. సోమవారం పొద్దున్నే నేను డాక్టర్ హాలండ్‌కి ఫోన్ చేసి, చేరుతున్నానని చెప్తాను."

డాక్టర్ హాలండ్ అంటే ఆసుపత్రిలో ఆమెకి సీటు ఇచ్చిన పెద్దాయన. ఆ పేరు వినగానే శ్యామ్‌సుందర్ చేతిలో ఆకు ముక్కలు కింద పడిపోయాయి.

"సోమవారం దాకా ఆగలేదు. జగదీష్ నిన్ననే ఆయనకి ఫోన్ చేశాడు."

"ఎందుకు?"

"నేనే చెయ్యమన్నాను. ఎలాగూ రానంటావు కదా, నీ నోటితో చెప్పడం నీకు కష్టమని."

"ఏం చెప్పారు?"

శ్యామ్‌సుందర్ జగదీష్ కూర్చున్న వైపు చూశాడు.

"అన్నయ్యగారు ఆయనకి ఏం చెప్పారండీ?"

"నీకు మనసు స్థిమితంగా లేదని. కొన్నాళ్లు ట్రీట్‌మెంట్ అవసరమని."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. రానని చెబితే సీటు పోతుంది. ఇంకో ఏడు ఇంకోచోట వస్తుంది. కానీ డాక్టరుకి పిచ్చి అని సాటి డాక్టరే చెబితే, ఈ దేశంలో ఏ ఆసుపత్రీ ఆమెని గుమ్మం ఎక్కనివ్వదు.

"అన్నయ్యగారికి మీ ముక్కు సంగతి తెలుసా?"

"ఫిబ్రవరిలో ఎక్స్‌రేలు తీయించింది జగదీషే."

మాళిగలో జగదీష్ గ్లాసు వాసన చూడకుండానే ఎందుకు నవ్వాడో ఆమెకి అర్థమైంది. ఇంక అక్కడ నిలబడలేదు. పమిట దోపుకుని, వరసలోంచి బయటికొచ్చి, నేరుగా దుప్పటి దగ్గరికి నడిచింది. జగదీష్ పెరుగన్నంలో ఊరగాయ నంజుకుంటున్నాడు. మంచివాడు, సరదా మనిషి. స్నేహితుడి కోసం ప్రాణమిస్తానంటాడు. ఇచ్చింది మాత్రం స్నేహితుడి పెళ్లాం పేరు.

"అన్నయ్యగారూ, చెయ్యి కడుక్కోండి. డాక్టర్ హాలండ్ ఇంటి నంబర్ మీ దగ్గర ఉంటుంది కదా. ఫోన్ అక్కడుంది."

జగదీష్ ఆమె మొహం చూశాడు. వెనకాల వస్తున్న శ్యామ్‌సుందర్ మొహం చూశాడు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"అమ్మా ప్రమోదా, వాడు నా కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. నీకు కూడా రెస్ట్ దొరుకుతుందని..."

"మీరు డాక్టరు. నేనూ డాక్టర్నే. ఆ మాట అంటే ఏమవుతుందో మీకు తెలుసు. నంబర్ తిప్పుతారా, మీరు చేసిన పని వదినకి ఇక్కడే చెప్పమంటారా?"

"ఏం పని? ఏమండీ, ఏం చేశారు?" అంది వసుమతి.

జగదీష్ లేచాడు. నలుగురిలో పరువుకంటే భార్య ముందు పరువు అతనికి ఎక్కువ. వైన్ అమ్మే గది గోడకి అద్దాల పెట్టెలాంటి ఫోన్ బూత్ ఉంది. అతను లోపలికెళ్లి నంబర్ తిప్పి, అవతల ఎత్తగానే "వన్ మూమెంట్ డాక్టర్" అని, రిసీవర్ ప్రమోద చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేకపోయాడు.

"ప్రమోదా!" అవతల హాలండ్ గొంతు ఎంతో దయగా ఉంది. "జగదీష్ చెప్పాడు. ఐయామ్ సో సారీ. నువ్వు ముందు ఆరోగ్యం చూసుకో. మిగతావి తర్వాత."

"డాక్టర్ హాలండ్, నాకు ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు."

జబ్బున్నవాళ్లు అనేదీ ఇదే మాటని ఆమెకి వెంటనే గుర్తొచ్చింది.

"చూడమ్మా," అన్నాడు ఆయన జాగ్రత్తగా. "జగదీష్ నాకు చాలాకాలంగా తెలుసు. లేని జబ్బు ఉందని ఆయన ఎందుకు చెప్తాడు?"

దీనికి జవాబు ప్రమోద దగ్గర ఉంది. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెబితే తన పేరు తనకి వస్తుంది. మొగుడి ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఈ పిచ్చి ముద్ర తనతోనే ఉండిపోతుంది. అద్దం అవతల శ్యామ్‌సుందర్ నిలబడి ఉన్నాడు. ఎండలో అతని మొహం పాలిపోయి కనిపించింది. ఇంకా అతని మీద ప్రేమ ఉన్నందుకు ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది.

"డాక్టర్, దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఇక్కడే ఉన్నారు. నా భర్త. ఆయన చెప్తారు, వినండి."

బూత్ తలుపు తీసి, రిసీవర్ అతని వైపు చాపింది.

"నేను చెప్పను. మీరే చెప్పండి. మీకు వాసన తెలియదనీ, ఆ రోజు స్టవ్ మీరే వదిలేశారనీ చెప్పండి. రెండు మాటలు. ఉద్యోగం పోతే పోనివ్వండి, నేను సంపాదించి పెడతాను."

శ్యామ్‌సుందర్ రిసీవర్ అందుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. అవతల హాలండ్ "హలో? హలో?" అంటున్నాడు. శ్యామ్‌సుందర్ మాట్లాడే వైపు అరచేత్తో గట్టిగా మూసేసి, భార్యకేసి తిరిగాడు. ఈసారి అతను ఏడుస్తున్నాడు.

"ఉద్యోగం ఒక్కటే అయితే ఇప్పుడే చెప్పేసేవాణ్ణి ప్రమోదా. రవికుమార్ ఉన్నాడు కదా..."

ఆదివారాలు వీళ్లింట్లోనే భోంచేసే కొత్త ఇంజనీరు రవికుమార్. మార్చిలో ఫ్యాక్టరీ పంప్ రూమ్‌లో గ్యాస్ లీకై మంటలంటుకుని ఒళ్లంతా కాలి, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ప్రమోద వారం వారం వెళ్లి, కట్ల మధ్య నుంచి అతనికి చెంచాతో చారు పట్టించి వస్తోంది.

"ఆ పంప్ రూమ్‌లోకి వాణ్ణి పంపేముందు నేను లోపలికెళ్లి చూసి వచ్చాను," అన్నాడు శ్యామ్‌సుందర్. "సార్, మీటర్ తెప్పించమంటారా అని వాడు అడిగాడు. అక్కర్లేదోయ్, నా ముక్కుంది కదా అన్నాను."